అలుకు మీద కుడి మడమ

ఆ గోడకు ఆనించిన చాప ఇటు పరుచుకొని దగ్గరగా కూర్చోండి. చిరుతల చప్పుడు మీద అరిచి అరిచి నా గొంతు సగం అరిగిపోయింది. దూరాన కూర్చుంటే సగం మాటే వినిపిస్తుంది, మిగతా సగం మీరు కల్పించుకోవాల్సి వస్తుంది, అది నాకు ఇష్టం లేదు. చాయ్ పొయ్యి మీద ఉంది. అది మరిగేలోపు మొదలుపెడతాను, ఎక్కడ ఆపుతానో మాత్రం ఇప్పుడే చెప్పలేను.

మొన్నామధ్య సుజాత వచ్చింది. సుజాత అంటే మందమర్రి పిల్ల, వాళ్ల బాపు బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. లంగా జాకెట్టు వేసుకునే వయసులో చిరుతలు పట్టుకోవడం నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చింది, ఇప్పుడు మా జట్టుకు ముందు నిలబడి ఆడుతుంది. చిరుతల ఆట చూడనివాళ్ల కోసం ఒక ముక్క చెప్తాను. చేతుల్లో చెక్క చిరుతలు, వాటికి గలగలమనే చిన్న బిళ్లలు, కాళ్లకు గజ్జెలు, మధ్యన దీపం. దాని చుట్టూ గుండ్రంగా తిరుగుతూ, వంగి లేస్తూ, ఒకరు పాట అందుకుంటే మిగతావాళ్లు అందిస్తూ ఆడతాం. నేను బతికింది ఈ ఆట మీదనే. చదువు నాలుగో తరగతి దగ్గరే ఆగిపోయింది, కాళ్లు మాత్రం ఆగలేదు.

సుజాత తెచ్చిన జామపండ్ల సంచి పక్కన పెట్టి, కుశలం కూడా పూర్తిగా అడగకుండా ఫోన్ తీసింది. "పెద్దవ్వా, ఒకటి సూపిస్త. కోపం చెయ్యవు గదా?" అంది. "కోపమొచ్చేటిదైతే సూపియ్యకు. రానిదైతే అడగకు" అన్నాను. చూపించింది. పోయినసారి మేము ఆడిన ఆట అది. పిల్లలంతా చెరువులో చేపలు మళ్లినట్టు ఒక్కసారిగా మళ్లుతున్నారు. వాళ్ల నడుమ ఒక పచ్చ చీర మాత్రం తాళానికి రవ్వంత వెనక. ఆ పచ్చ చీర వెనకున్న పిల్ల పాపం అడుగు బిగబట్టుకుంటోంది, ఆ పిల్ల వెనకున్నది ఇంకొంచెం బిగబట్టుకుంటోంది. గుండ్రం అక్కడ ముడిపడిన నూలు లాగా ఉంది. "ఆ పచ్చ చీర ముసలామె ఎవలే, అందర్ని ఆపుతాంది?" అన్నాను. సుజాత నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"హుస్నాబాదోళ్ల ప్రోగ్రాం దగ్గరికొచ్చింది పెద్దవ్వా. నువ్వు కుర్చీ మీద కూసోని మైకు పట్టుకో. నువ్వు పాట అందుకుంటే మేం ఆడుతం. పిల్లలందరిది గదే మాట." కరీంనగర్‌లో నా మోకాలు చూసిన డాక్టర్ మాట కూడా అదే: ఎముక అరిగింది, ఎగురుడు బంద్, కూర్చొని నేర్పుకో. "ఆలోచిస్త తియ్" అని సుజాతను బస్సెక్కించి వచ్చి గడపలోనే కూర్చుండిపోయాను. నన్ను నేను ఎరుగుదును. ఒక్కసారి ఆ కుర్చీ ఎక్కితే మళ్లీ దిగను. గుండ్రంలో నా చోటు నిండిపోతుంది, నిండిన చోటును ఎవరూ ఖాళీ చేసి ఇవ్వరు. అలా అని పిల్లల తాళం చెడగొట్టి చోటు పట్టుకొని వేలాడడం కూడా నాకు చేతకాదు. ఏం చేయాలో తోచక కాలి వంక చూసుకుంటూ ఉంటే, అచ్చం ఇట్లానే నా కాలి వంక చూస్తూ కూర్చున్న ఇంకో మనిషి గుర్తుకొచ్చింది. మా బాపమ్మ, అంటే మా బాపును కన్న తల్లి, నర్సవ్వ.

మాది సిరిసిల్లకు ఈవల చిన్న ఊరు. సాలెవాళ్ల వాడ. మా ఇల్లు వాడ చివర, లోపల ఒక గుంత మగ్గం, బయట పెద్ద వాకిలి. ఇంట్లో ఎటు తిరిగినా గంజి వాసనే. నూలుకు పెట్టిన గంజి, కుండలో మిగిలిన గంజి, బాపు లుంగీకి అంటిన గంజి. మరమగ్గాలు అప్పటికి ఊళ్లో ఒకటో రెండో వచ్చాయి, మా వాడలో ఇంకా చేతి మగ్గాల చప్పుడే. తెల్లవారి బాపు మగ్గం గుంతలో కాళ్లు పెట్టాడంటే ఇల్లు ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టినట్టు ఉండేది. మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, నేను ఆ పక్కనే రాట్నాల ముందు కూర్చొని కండెలు చుట్టేవాళ్లం. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే దారపు చుట్ట. అది బిగువుగా, సమంగా ఉండాలి, లేకపోతే నాడె మధ్యలో ఆగి బాపు నోరు లేస్తుంది. బాపమ్మకు పచ్చబొట్లు నిండిన చేతులు, వంగిన నడుము, బుగ్గన తంబాకు. తంబాకు బుగ్గన ఉన్నంతసేపు ఆమె మాట్లాడదు, కళ్లతోనే పని చెప్తుంది. ఉమ్మి వచ్చిందంటే మాత్రం ఇక ఆమెను ఆపే మనిషి వాడలో లేడు. పొద్దున ఆమె లేచిన గుర్తు మాకు పేడ వాసన. అది ముక్కుకు తగిలిందంటే తెల్లారినట్టే.

ఒక ఏడు వానలు వెనకబడ్డ రోజుల్లో భూమయ్య తాత మా వాడకు వచ్చాడు. హుస్నాబాద్ వైపు మనిషి. ఊరూరా తిరిగి చిరుతల ఆట నేర్పేవాడు, రోజుకొక ఇంట్లో తినేవాడు. మా ఇంటి వంతు వచ్చిందంటే అవ్వ సర్వపిండి చేసేది, అంచున మాడిన ముక్క ఆయన ముందుగా అడిగి తీసుకునేవాడు. అంతవరకు మగపిల్లలకే నేర్పిన మనిషి, మా వాడకొచ్చి ఆడపిల్లల జట్టు కడతానన్నాడు. వాడంతా నోళ్లు నొక్కుకుంది. "ఆడపోరగాండ్లు కాళ్లకు గజ్జెలు కట్టుకొని ఎగురుడేంది?" అన్నాడు మా బాపు. బాపమ్మ తంబాకు ఉమ్మి వచ్చింది. "నీ బిడ్డ పొద్దుగాల నుంచి పొద్దీకెదాక కూసునే ఉంటాంది. జర కాళ్లు సాపుకోనీ" అంది. ఆ ఒక్క మాటతో ఆట మా వాకిట్లోకే వచ్చేసింది, ఎందుకంటే వాడలో అంత వెడల్పు వాకిలి ఇంకొకటి లేదు.

బాపమ్మ ఒక్క షరతు పెట్టింది. పిల్లలు ఎగిరితే దుమ్ము లేస్తుంది, దుమ్ము లేస్తే లోపల మగ్గానికి ఎక్కించిన పడుగు మీద పడుతుంది, గంజి పెట్టిన నూలుకు అంటిన దుమ్ము దులిపినా పోదు. కాబట్టి పొద్దు వాలకముందే వాకిలంతా ఎర్రమన్ను, పేడ కలిపి మందంగా అలుకుతుంది. కాళ్లకు అంటుతుందని ఎవరూ నసగొద్దు. అట్లా మేము తడి అలుకు మీద ఆడేవాళ్లం. మగ్గాలు ఆగిన తర్వాత, దీపం పెట్టే వేళకు, కమల, నేను, ఇంకా వాడలోని ఆడపిల్లలం గుండ్రంగా నిలబడేవాళ్లం. కమల నా జోడి, పక్కింటి పిల్ల. భూమయ్య తాత మాత్రం మాతో కాకుండా లోపల, దీపానికి ఆనుకొని, చిన్న గుండ్రంలో చిన్న చిన్న అడుగులు వేసేవాడు. పెద్ద మనిషి కదా, దీపం పక్కన నిలబడడం ఆయన దర్జా అనుకున్నాం.

ఆట నాకు తొందరగానే వచ్చింది. గజ్జె పలికేది, పాట నోటికి ఎక్కేది. కానీ గుండ్రం నిలిచేది కాదు. రెండు పాటలు తిరిగేసరికి నా వైపు గుండ్రం ఉబ్బి బయటికి పోయేది. "ఆగుండ్రి! గుండ్రంగ తిరగమంటే గుమ్మడికాయ లెక్క తిరుగుతున్నరేంది?" అని తాత చిరుత నేలకేసి కొట్టేవాడు. కమల నోరు ఊరుకోదు. "తాతా, రాజి నన్ను బయటికి నూకుతాంది!" "నేనెందుకు నూకుత? నువ్వే జరుగుతున్నవ్." "జరగకుంటే నీ మోచెయ్యి నా ముక్కుల పడతది!" అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, లోపల మాత్రం మండేది. ఎక్కడ తప్పుతున్నానో నాకు తెలియదు, తాతకూ అందడం లేదు. తాత ఎన్ని తీర్ల చెప్పినా, పక్క మనుషులను మార్చినా, నేను ఉన్న చోటే గుండ్రం ఉబ్బేది.

అట్లా ఉండగా మందమర్రి గని కాలనీవాళ్లు పోచమ్మ పండుగకు ఆడమని మా జట్టును పిలిచారు. మా వాడ ఆడపిల్లలు ఆట కోసం ఊరు దాటడం అదే మొదలు. తాత మా వాకిట్లోనే తేల్చి చెప్పాడు. "రాజి ఆట మంచిగనే ఉంది. కానీ గుండ్రం ఆగమైతాంది. బయలెల్లేదాక సూస్త. అప్పటికీ గిట్లనే ఉంటే, రాజి ఎనుక కూసోని వంత పాడుతది." లోపలి నుంచి మగ్గం చప్పుడు ఆగింది. "వంత పాడుడుకు మందమర్రి దాక ఎందుకు?" అన్నాడు బాపు. "గీడ రాట్నం కాడ కూసోని పాడుకోమను. కండెలన్న అయితయి." మళ్లీ మగ్గం మొదలైంది. అంటే గుండ్రంలో నిలబడితేనే మందమర్రి. లేకపోతే రాట్నం. ఒక్కసారి పంపలేదంటే ఇక ఎన్నడూ పంపరని ఆ వయసులోనే నాకు అర్థమైంది.

మరునాడు తెల్లారగట్ల బాపమ్మ నా దుప్పటి లాగింది. "లే. నీ గుంతలు నువ్వే పూడ్సుకో." కళ్లు నలుపుకుంటూ వాకిట్లోకి పోయాను. అలుకు సగం ఆరి, రాత్రి పడ్డ అడుగులన్నీ అచ్చు పోసినట్టు గట్టిపడి ఉన్నాయి. ఒక్క దీపం చుట్టూ మాత్రం అప్పటికే కొత్తగా మెత్తి ఉంది. "నూనె సుక్కలు పడ్డయి" అంది బాపమ్మ, నేను అడగకుండానే. చీపురుపుల్ల పట్టుకొని వంగి ఒక్కో అడుగు చూపించింది. "గిది కమల కాలు, సిటికెన ఏలు వంకర. గిది లచ్చిమిది, బాతు నడక. మరి గిది ఎవలిది?" ఆ అడుగు మిగతావాటి లాగా లేదు. కుడి మడమ దగ్గర చిన్న గిన్నె పట్టేంత గుంత. వేళ్లు ఒక పక్కకు తిరిగి, మన్ను అటే కుప్పపడి ఉంది. ఒక్కటి కాదు, నేను తిరిగిన దారి పొడుగూతా అదే. "నాదే" అన్నాను. "ఎందుకు గట్ల పడ్డది?" "నాకేం ఎర్క?" "నీ కాలు నీకే ఎర్క లేకుంటే నాకెట్ల ఎర్కుంటది?" నాకు ఏడుపు వచ్చింది. ఆమె ఓదార్చలేదు. "ఇయ్యాల చెప్పకుంటే రేపు చెప్పు. అది యాడికీ పోదు, నువ్వు ఆడినన్ని దినాలు పడుతనే ఉంటది" అని పేడ నీళ్ల బకెట్ నా ముందు పెట్టింది. "సూసుకున్నవ్ గదా, ఇగ మెత్తు. నిన్నటి ఆట నిన్ననే పాయె."

ఆ రోజు నుంచి అదే వాడుక. పొద్దున లేచి ముందు నా అడుగు చూసుకోవాలి, ఎందుకు పడిందో చెప్పాలి, చెప్పినా చెప్పకపోయినా మెత్తేయాలి. మొదట నాకు తోచింది, మడమ ఆనకుండా ఆడదామని. వేళ్ల మీద ఆడాను. పిక్కలు పట్టేసి మంచం కోడు పట్టుకొని లేవాల్సి వచ్చింది. "గజ్జెకు జరమొచ్చిందా? సప్పుడే లేదు" అన్నాడు తాత. తెల్లారి వాకిట్లో వేళ్ల గుంతలు. బాపమ్మ చూసి, "పాత గుంత పూడ్సి కొత్త గుంత తవ్వినవ్" అంది. తర్వాత ఎడమ కాలు కూడా అంతే గట్టిగా కొట్టాను, రెండూ సమానం అవుతాయని. కమల చెవులు మూసుకుంది. అలుకు మొత్తం గొడ్లు తొక్కినట్టు అయింది, గుండ్రం మాత్రం నిలవలేదు.

ఒక మధ్యాహ్నం కండెలు చుడుతూ దాహమై లేచాను. కుండ దగ్గర నీళ్లు తాగి వెనక్కి తిరిగితే, నేను కూర్చునే చోటు ఖాళీగా కనిపించింది. ఎన్నడూ ఖాళీగా చూడని చోటు అది, ఎప్పుడూ నేనో అవ్వో అక్కడే ఉండేవాళ్లం. రాట్నం పీట ముందు మట్టి నేలలో ఒక గుంత. నున్నగా, అరిగి, చిన్న గిన్నె పట్టేంత. పోయి కుడి మడమ అందులో పెట్టాను. దానికోసమే చేసినట్టు ఇమిడింది. రాట్నం తిప్పుతుంటే పీట కదిలిపోతుంది కదా, కదలకుండా కుడి కాలు చాపి మడమతో అదిమి పట్టి, నడుము ఎడమకు తిప్పి కూర్చుంటాం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అదే కూర్చోవడం. నేను ఆడుతున్నాననుకున్నాను గానీ, గుండ్రంలో కూడా రాట్నం పీటనే అదిమి పట్టుకొని తిరుగుతున్నాను. మడమ దిగినప్పుడల్లా ఒళ్లు ఒక పక్కకు తిరిగి పక్కదాన్ని బయటికి నూకేది. అవ్వ మడమ, అంతకు ముందు బాపమ్మ మడమ కలిసి తవ్విన గుంత అది. తలెత్తితే గడప దగ్గర బాపమ్మ బుగ్గన తంబాకుతో నన్నే చూస్తోంది. కళ్లు నవ్వుతున్నాయి.

మరునాడు నేను అటు తిరిగి కూర్చొని, ఎడమ మడమతో పీట అదిమి, ఎడమ చేత్తో రాట్నం తిప్పాను. నూలు తెగింది, ముడివేశాను, మళ్లీ తెగింది. బాపు ఒక కండె తీసి వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "కండె చుట్టినవా, కోడిగుడ్డు పెట్టినవా?" అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు నాకు కోపం రాలేదు, పంతం వచ్చింది. దొడ్లో పడి ఉన్న ఇటుక తెచ్చి రాట్నం పీటకు అడ్డం పెట్టి, దాని వెనక ఇంకో రాయి ఆనించాను. పీట కదల్లేదు. రెండు కాళ్లూ ముడుచుకొని, నడుము నిటారుగా పెట్టి, ఎప్పటి చేతితోనే చుట్టాను. బాపు వచ్చి "గీ ఇటుక ఎవలు పెట్టిన్రు?" అన్నాడు. "నేనే." కాలి బొటనవేలితో పీటను నూకి చూశాడు. కదల్లేదు. పోయి మగ్గం గుంతలో కాళ్లు పెట్టాడు. మరునాడు పొద్దున చూస్తే అవ్వ రాట్నం ముందు కూడా ఒక ఇటుక ఉంది. మా బాపు ఒప్పుకున్నాడంటే అట్లానే ఉంటుంది, అంతకంటే నోరు తెరవడు.

ఇటుక పెట్టగానే కాలు మారిపోయిందనుకునేరు, మారలేదు. పగలంతా కొత్తగా కూర్చున్నా, దీపం ముందు నిలబడగానే కాలు పాత పీటను వెతుక్కునేది. కానీ ఇప్పుడు నాకు తెలుసు అది దేన్ని వెతుకుతుందో. మడమ దిగబోతుండగానే, ఇక్కడ పీట లేదే పిచ్చిదానా అని దానికి లోపలే చెప్పుకునేదాన్ని. నీళ్లకు పోతే రెండు కాళ్ల మీదా సమంగా బరువు పెట్టి నడిచేదాన్ని, కమల పెళ్లికూతురు నడక అని వెక్కిరించినా సరే. రోజురోజుకూ గుంత లోతు తగ్గుతూ వచ్చింది. ఒకరోజు గిన్నె కాదు, గిన్నె మూత. ఇంకో రోజు మళ్లీ గిన్నె. "నిన్న ఎందుకు దిగింది?" "బాపు తిట్టిండు, గదే మనసుల పెట్టుకొని ఆడిన." "ఆట కాడికి ఒక్క నిన్ను తెచ్చుకో. బాపును ఇంట్లనే ఉంచు." అన్నీ కలిపి బాపమ్మ నాకు నేర్పిన ఆట ఇంతే. ఆమె ఒక్క చిరుత కూడా ఎన్నడూ పట్టుకోలేదు.

బయలుదేరే ముందురోజు తాత పొగడలేదు, దీవించలేదు. "బస్సుల వాంతి చేసుకునేటోళ్లు కిటికీ కాడ కూసోండ్రి. రాజి కిటికీ కాడ వద్దు, గాలికి గొంతు పోతది. గుండ్రంల పాట అందుకోవాలె" అన్నాడు. గుండ్రంలో అన్నాడు! నేను లోపలికి ఉరికి బాపు వంక చూశాను. మగ్గం ఆపకుండానే, "సద్ది కట్టియ్యమను మీ అవ్వను" అన్నాడు.

మందమర్రిలో నేల నల్లగా ఉంటుందని అక్కడికి పోయేదాకా నాకు తెలియదు. కాలనీ మైదానమంతా మెత్తటి బొగ్గు ధూళి, పండుగ కోసం దాని మీద నీళ్లు చల్లారు. ఆడుతున్నంతసేపు ఏం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు, కమల ముక్కు క్షేమంగా ఉందన్నది మాత్రం గుర్తుంది. పొద్దున అందరూ చాయ్ తాగుతుంటే నేను ఒక్కదాన్నే మైదానానికి పోయాను. నల్ల నేల మీద నా అడుగు దొరికింది. కుడీ ఎడమా ఒక్కతీరే. ఎంతసేపు చూశానో. అప్పుడే దీపం పెట్టిన చోట ఇంకో అడుగు కంటబడింది. ఎడమది నిండుగా ఉంది, కుడిది వేళ్లు మాత్రమే. మడమ లేదు. ఎక్కడ వెతికినా లేదు. తాత బీడీ ముట్టించుకుంటూ వెనక నుంచి వచ్చాడు. "తాతా, గీ కాలు ఎవలిది? మడమే లేదు." ఆయన నవ్వాడు. "ఎవలో ముసలోనిది. ఆని జోలి నీకెందుకు? నడువ్, బస్సొస్తది." నేను ఉరికాను. అప్పుడు నా మనసంతా నా రెండు అడుగుల మీదే ఉంది.

ఆ తర్వాత ఎన్ని ఊళ్లు, ఎన్ని జట్లు. మందమర్రి పిల్లలకు నేర్పాను, ఉట్నూర్ హాస్టల్ పిల్లలకు నేర్పాను. ఉట్నూర్‌లో జీపు దిగి ఇసుక వాకిట్లో మొదటిరోజు ఆడించి, తెల్లారి అడుగులు చూస్తే మా వాడ పిల్లల అడుగుల లాగా లేవు. గుట్టలెక్కి దిగే పిల్లలు కదా, వేళ్లు విడివిడిగా పరుచుకొని నేలను పట్టుకున్నాయి. మా తీరు మడమ దెబ్బ వాళ్ల చేత వేయిస్తే మోకాళ్లు నొప్పులన్నారు. నేను అడుగునే మార్చాను. ఆ మార్చిన అడుగు ఇప్పుడు మా జట్టు మొత్తం ఆడుతుంది, దాన్ని మేము ఉట్నూర్ అడుగు అనే పిలుచుకుంటాం. ఇప్పుడు వాకిళ్లు లేవు, సిమెంటు, బండలు. పిల్లలు ఆట అయిపోగానే ఫోన్‌లో చూసుకుంటారు. నేను వద్దనను, ఫోన్ అబద్ధం చెప్పదు, మొన్న నాకూ చెప్పలేదు. కానీ ఫోన్‌లో ముందు మొహం కనిపిస్తుంది. చీర కుచ్చిళ్లు, జడ, నవ్వు, అవన్నీ చూసుకునేసరికి కాలి దాకా చూపు దిగదు. తడి నేలలో మొహం పడదు. అక్కడ ఒక్క బరువే పడుతుంది.

ఇవన్నీ తలచుకుంటూ గడపలో కూర్చున్నానని చెప్పాను కదా. మరునాడు పొద్దున్నే లేచాను. మా ఇంటి వెనక నల్లా దగ్గర సిమెంటు వేయని జాగా ఇంత ఉంది. మొక్కల కోసం తెచ్చిన ఎర్రమన్ను సంచి విప్పి, పాలుపోసే ఆమె ఇంటి నుంచి పేడ తెచ్చి, మోకాలు మూలుగుతున్నా పట్టించుకోకుండా మందంగా అలికాను. గజ్జెలు కట్టుకున్నాను. చిన్నగా పాడుకుంటూ, ఎగరకుండా, ఒక్క పాట మేర తిరిగాను. పక్కకు వచ్చి వంగి చూశాను.

ఎడమది నిండుగా ఉంది. కుడిది వేళ్లు మాత్రమే.

నల్లా గద్దె మీద కూర్చుండిపోయాను. ఒకప్పుడు గిన్నె పట్టేంత గుంత తవ్విన మడమ, ఇప్పుడు నేలకే తగలడం లేదు. కానీ నన్ను కూర్చోబెట్టింది అది కాదు. ఆ అడుగు నేను ఇంతకుముందే చూశాను, నల్ల నేల మీద, దీపం పక్కన. భూమయ్య తాత లోపలి గుండ్రంలో చిన్న అడుగులు వేసింది దర్జాకు కాదు. ఆయన ఎగరలేడు. ఎగరలేని కాలితోనే మా అందరినీ ఎగిరించాడు, తాళం ఒక్కసారి కూడా జారనివ్వలేదు. ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. మా వాకిట్లో రోజూ మేము లేవకముందే దీపం చుట్టూ మెత్తి ఉండేది. నూనె చుక్కలని చెప్పేది బాపమ్మ. మట్టి ప్రమిదలో నూనె రోజూ ఒలుకుతుందా? నా అడుగు నాకు పుల్లతో గీకి గీకి చూపించిన మనిషి, ఆ గురువు అడుగును మాత్రం పిల్లల కంట పడకముందే తన చేతులతో చెరిపేసేది. ఇద్దరూ ఇప్పుడు లేరు. నల్లా దగ్గర కూర్చొని ఇద్దరికీ కలిపి ఒక దండం పెట్టుకున్నాను.

తర్వాత సుజాతకు ఫోన్ చేశాను. "నువ్వు నాకు సూపెట్టినవ్ గదా, ఇప్పుడు నేను సూపెడుత. పిల్లల్ని తోలుకొని రా" అన్నాను. వచ్చారు. నా అడుగు మెత్తకుండా అట్లానే ఉంచాను. చీపురుపుల్లతో చూపించాను. "గిది నా కాలు. మడమ ఆనుత లేదు, అందుకే తాళానికి ఎనుక పడుతున్న. మీరు సూసింది నిజమే." పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "కుర్చీ మాత్రం వద్దు. పెద్ద గుండ్రం మీది. దీపం పక్కపొంటి చిన్న గుండ్రం నాది. మీరు ఒక అడుగేసే జాగల నేను అరడుగు ఏస్త, తాళం మాత్రం నా కాడనే ఉంటది." "మరి ఎగురుడు?" అంది సుజాత. "ఎగురుడు మీరు ఎగురుండ్రి. తాళం తప్పిన్రో, చిరుత ఇసిరి కొడుత." "తగిలేటట్టే కొడుతవా పెద్దవ్వా?" "నా సెయ్యి అరగలే బిడ్డా, మోకాలే అరిగింది." అప్పుడు నవ్వింది సుజాత, వాళ్లూ నవ్వారు. ఆ నల్లా దగ్గరే ఆడి చూశాం. అరడుగు వేయడం అనుకున్నంత తేలిక కాదు, మొదటి పాటకే రెండుసార్లు తప్పాను. రోజూ పొద్దున అలుకుతున్నాను, రోజూ చూసుకుంటున్నాను. మొన్నటికంటే నిన్న నయం.

ఆట అయ్యాక సుజాత చేయి తడిపి నా అడుగు మెత్తబోయింది. పెద్దదాని కాలు కదా, అందరూ చూస్తున్నారని ఆమె బాధ. ఆ చేతిలో నాకు బాపమ్మ చేయి కనిపించింది. "ఉండనీ" అన్నాను. ఆ రోజుల్లో గురువు నొప్పిని దాచడమే మర్యాద. ఆ మర్యాదను నేను కాదనను. కానీ ఆ అడుగును నేను అప్పుడే చదవగలిగి ఉంటే, కుర్చీకీ గుండ్రానికీ నడుమ ఇంకో చోటు ఉందని తెలియడానికి నాకు ఇన్నాళ్లు పట్టేది కాదు. ఈ పిల్లల మోకాళ్లు కూడా ఒకనాడు అరుగుతాయి. అప్పటికి వాళ్లకు దారి తెలిసి ఉండాలి. సుజాత చేయి వెనక్కి తీసుకొని, చెప్పు విడిచి, నా అడుగు పక్కన తన అడుగు పెట్టింది. కాసేపు రెండింటినీ చూసింది. "పెద్దవ్వా, నాది జర ఎడమకు ఒరుగుతాంది గదా?" అంది. "ఎందుకు?" అన్నాను. "ఎర్క లేదు." "రేపు చెప్పు" అన్నాను.

హుస్నాబాద్‌కు వస్తే చూస్తారు, దీపం పక్కన పచ్చ చీర నేనే. చాయ్ మరిగి మరిగి సగమైంది, మీకు పోసి ఇస్తాను, తాగి బయలుదేరండి. మీ ఇంటి ముందు నేల మట్టిదైనా బండదైనా, పొద్దున పోయిన అడుగులన్నీ పొద్దుగూకేసరికి క్షేమంగా లోపలికి తిరిగి రావాలి. దుబాయి పోయినవాళ్లవైనా, గనిలోకి దిగినవాళ్లవైనా ఒక్కటి తక్కువ కాకుండా రావాలి. మీ ఇంట్లో అరిగిన మోకాలికి కూడా దీపం పక్కన ఒక చోటు ఎప్పటికీ ఉండాలి. సల్లగుండండి.